పడుకునే దారిద్ర్యరేఖ దాటిన మనిషి

తన మొగుడు ధనవంతుడైపోయాడన్న ఘోరం నూకరత్నానికి ఆసుపత్రి కౌంటరు దగ్గర తెలిసింది.

కౌంటరులో ఉన్న అమ్మాయి కార్డు నంబరు కొట్టింది. కంప్యూటరు వంక చూసింది. నూకరత్నం నలిగిన చీర వంక చూసింది. మళ్ళీ కంప్యూటరు వంక చూసి, చటుక్కున లేచి నిలబడింది. డబ్బున్నవాళ్ళు వస్తే లేచి నిలబడమని ఆ ఆసుపత్రిలో ట్రైనింగు ఇస్తారు.

"మేడమ్!" అంది.

నూకరత్నం వెనక్కి తిరిగి చూసింది. వెనకాల మేడమ్ ఎవరూ లేరు. గోడకి ఆనుకుని ఒక చక్రాల కుర్చీ మాత్రం ఉంది.

"మీతోనేనండి. ఈ కార్డు మీకు పనిచెయ్యదు. ప్రాణభరోసా పథకం పేదలకి మాత్రమే. మీవారు పేదరికంలోంచి బయటికొచ్చేశారు."

"ఎప్పుడొచ్చాడు?"

"రెండు నెలలవుతోందండి."

"నాకు చెప్పకుండానా?"

ఆ అమ్మాయికి ఆ ప్రశ్నకి జవాబు ట్రైనింగులో చెప్పలేదు. సానుభూతిగా నవ్వి, కావాలంటే డబ్బు కట్టే కౌంటరు ఎడమచేతి వైపు ఉందనీ, అక్కడ ఏసీ కూడా ఉందనీ చెప్పింది.

పెదలంకపాలెం బస్టాండు పక్కన బండి మీద దిబ్బరొట్టెలు కాల్చి అమ్మే మనిషి నూకరత్నం. మొగుడు అబ్బులు బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము వాయించేవాడు. ఒక పెళ్ళి ఊరేగింపులో డ్రమ్ముతో సహా బోర్లా పడ్డాడు. గుండెకి వెళ్ళే నరాలు మూడు మూసుకుపోయాయన్నారు. ప్రాణభరోసా కార్డు మీద రెండింటికి స్టెంట్లు వేసి, మూడోది రెండు నెలలాగి వేస్తాం, అంతకు మించి ఆలస్యం చెయ్యొద్దు, ఈలోగా డ్రమ్ము ముట్టుకోవద్దు అన్నారు డాక్టరు. ఆ మూడోదాని కోసమే ఈ ఉదయం ఇద్దరూ మొదటి బస్సెక్కి వచ్చారు.

నూకరత్నం బెంచీ దగ్గరికి వచ్చింది. అబ్బులు గుండె మీద చెయ్యేసుకుని కూర్చుని, ఎదురుగా ఉన్న చేపల తొట్టిలోకి చూస్తున్నాడు.

"ఏవయ్యా! ఎక్కడ దాచావు?"

"ఏంటి?"

"డబ్బు."

"నేనా? ఎక్కడ దాత్తానే? బీడీలు పెట్టుకుంటన్నానని నా చొక్కా జేబులు నువ్వే గదా కుట్టేశావు!"

అది నిజమే. నూకరత్నం ఆ దారి వదిలి మరో దారి పట్టింది.

"పోనీ ఇంకెవత్తి పేరునైనా పెట్టావా? ఏ ఊళ్ళోనైనా రెండో కాపురం ఉందా?"

"డ్రమ్మే మొయ్యలేనోణ్ణి, రెండో పెళ్ళాన్ని ఎక్కడ మోత్తానే!" అన్నాడు అబ్బులు ఆయాసపడుతూ. కానీ ఆ అనుమానం వచ్చినందుకు లోలోపల కాస్త సంతోషించినట్టే కనిపించాడు.

మొగుడు నిర్దోషి అని నూకరత్నానికి రూఢి అయింది. అంటే దొంగ ఇంకెక్కడో ఉన్నాడు. ఎవరో తమ ఇంట్లోకి చొరబడి పేదరికాన్ని ఎత్తుకుపోయారు. వాణ్ణి పట్టుకునేదాకా మూడో స్టెంటు లేదు.

* * *

వార్డు సచివాలయంలో సంక్షేమ సహాయకుడు చక్రధర్ చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. కంప్యూటరులో అబ్బులు పేరు కొట్టి, ఆనందంగా చెయ్యి చాచాడు.

"అభినందనలండి! మీ కుటుంబ ఆదాయం పరిమితి దాటింది."

"ఎలా దాటింది బాబూ? ఆయన డ్రమ్ము కొట్టి రెండు నెలలైంది. నా పెనం ఒక్కటే కాలతంది."

"ఇక్కడ స్పష్టంగా ఉందమ్మా. అందిన లబ్ధి: స్టెంట్లు, రెండు. అందిన విధానం: వస్తు రూపేణా. వాటి విలువ మీ ఏడాది ఆదాయంలో కలిసింది."

నూకరత్నం నోట మాట రాలేదు. అది అరుదుగా జరిగే సంగతి కావడంతో అబ్బులు భార్య వైపు కంగారుగా చూశాడు.

"అంటే బాబూ," అంది చివరికి, "మీరు చేసిన వైద్యమే మా ఆదాయమా?"

"ప్రభుత్వం నుంచి కుటుంబానికి ఏ రూపంలో లబ్ధి చేకూరినా అది ఆదాయమే అని కొత్త ఉత్తర్వమ్మా. గొర్రెలిస్తే గొర్రెలు. కుట్టుమిషనిస్తే కుట్టుమిషను."

"గొర్రెలైతే పిల్లల్ని పెడతాయి. స్టెంట్లు ఏం పెడతాయి?"

"అది పశుసంవర్ధక శాఖ పరిధిలోకి వస్తుందమ్మా."

"మాకు ఈ డబ్బున్న బతుకు వద్దు. మళ్ళీ పేదోళ్ళని చేసెయ్యండి."

"తప్పకుండా! దానికి ఏర్పాటుంది," చక్రధర్ ముందుకు వంగాడు. "అందుకున్న లబ్ధిని ప్రభుత్వానికి తిరిగి అప్పగించాలి. స్టెంట్లు తెచ్చి ఇక్కడ ఇచ్చేస్తే రసీదు ఇస్తాను."

"అవి ఆయన గుండెకాడున్నాయి. తియ్యాలంటే ఆపరేషను చెయ్యాల గదా?"

"చెయ్యాలమ్మా."

"ఆపరేషను చెయ్యాలంటే కార్డు ఉండాల?"

"ఉండాలి."

"కార్డు రావాలంటే?"

"స్టెంట్లు తియ్యాలి." చక్రధర్ ముఖం వెలిగిపోయింది. "మీకు చాలా తొందరగా అర్థమైందమ్మా. కొందరికి సాయంత్రం దాకా చెప్పాల్సి వస్తోంది."

నూకరత్నం కొంగు దోపుకుని లేచింది. "ఈ ఉత్తర్వు ఎవరిచ్చారు?"

"పైనుంచి వచ్చింది."

* * *

పైన అంటే మండల ఆఫీసు. అక్కడ పేర్రాజు గారని ఒక పెద్ద గుమాస్తా ఉన్నారు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, నుదుటితోనే చదువుతున్నట్టు ఫైళ్ళు తిరగేసే మనిషి. అబ్బులు సంగతి విని ఆయన ముందు ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"స్థిరాస్తా, చరాస్తా?"

"ఏదండి?"

"స్టెంట్లు. స్థిరాస్తి మీద అభ్యంతరాలైతే నేను వింటాను. చరాస్తి అయితే పక్క గదిలో గంగాధరం వింటాడు. ఏదోటి తేలకుండా విన్నామంటే రేపు ఆడిట్‌లో మా ఉద్యోగాలు పోతాయి. ఏమయ్యా, ఒకసారి అలా నడువు."

అబ్బులు గుమ్మం దాకా నడిచాడు.

"కదులుతున్నాయి," అన్నారు పేర్రాజు గారు తృప్తిగా. "చరాస్తి. పక్క గది."

పక్క గదిలో గంగాధరం గారు తలెత్తేసరికి అబ్బులు ఆయాసంతో స్టూలు మీద కూలబడి ఉన్నాడు. గంగాధరం గారు కాసేపు పరీక్షగా చూశారు.

"ఏదీ, కదలడం లేదే? ఎవడు చెప్పాడు చరాస్తని? ఇది స్థిరంగా ఉంది. పేర్రాజు దగ్గరికి పో."

పేర్రాజు గారి దగ్గరికి నడిచాడు. నడిచాడు కాబట్టి చరాస్తి. గంగాధరం గారి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడు కాబట్టి స్థిరాస్తి. రెండు గదుల మధ్యా ఆ మధ్యాహ్నమంతా అబ్బులు ఆస్తి ఇలా స్వభావం మార్చుకుంటూ పోయింది. నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది.

"ఇంక అడుగెయ్యకు. ఇక్కడే పడుకో," అంది.

"ఎక్కడే? గుమ్మంలోనా?"

"గుమ్మంలోనే. తల ఆ గదిలో, కాళ్ళు ఈ గదిలో."

అబ్బులు కండువా పరుచుకుని పడుకున్నాడు. ఇది ఇద్దరు గుమాస్తాలకీ వాళ్ళ సర్వీసులో ఎదురుకాని సమస్య. చెరో వైపు నిలబడి వంగి చూశారు.

"గుండె నీ వైపుందయ్యా గంగాధరం."

"స్టెంట్లు వేసింది తొడ దగ్గర్నించట కదండీ. తొడ మీ వైపే."

అప్పుడు చూశారు ఇద్దరూ. అబ్బులు నుదుటి మీద చెమట. పెదాలు తెల్లబడుతున్నాయి. పేర్రాజు గారి కళ్ళజోడు నుదుటి మీంచి జారి తనంతట తానే కళ్ళ మీదికొచ్చింది. పాపం, ఆయన చెడ్డమనిషి కాదు. పరిగెత్తుకెళ్ళి తన ఫ్యాను అబ్బులు వైపు తిప్పారు. గంగాధరం గారు మజ్జిగ సీసా తెచ్చి నోట్లో పోశారు. నూకరత్నం డాక్టరిచ్చిన మాత్ర నాలిక కింద పెట్టింది. కాసేపటికి మనిషి తేరుకున్నాడు.

"హమ్మయ్య!" అన్నారు గంగాధరం గారు. "ఆఫీసులో ఏదైనా జరిగుంటే పెద్ద చిక్కయ్యేది. ఆ స్టెంట్లు వారసత్వంగా ఈవిడకి సంక్రమించేవి. అప్పుడు ఈవిడకి వితంతు పింఛను కూడా వచ్చేది కాదు."

నూకరత్నం ఆయన వైపు చూసిన చూపుకి పెనం మీద రొట్టె మాడిపోయేది. పేర్రాజు గారు ఆమెని పక్కకి పిలిచి గొంతు తగ్గించారు.

"అమ్మా, మా చేతుల్లో ఏమీ లేదు. ఉత్తర్వు జిల్లా సమన్వయాధికారి త్రివిక్రమరావు గారి దగ్గర్నించి వచ్చింది. ఆయనకి పైనుంచి వచ్చిందట. ఆదివారం జిల్లా కేంద్రంలో సన్మాన సభ పెట్టారు. నువ్వు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళనక్కర్లేదు. మీ ఆయన్ని తీసుకురమ్మని ఇప్పుడే ఫోనొచ్చింది."

"ఎందుకు?"

"సన్మానం మీ ఆయనకే."

* * *

జిల్లా కేంద్రంలో సభ జరిగే హాలు ముందు తాటిచెట్టంత ఫ్లెక్సీ కట్టారు. అందులో అబ్బులు ఉన్నాడు. అబ్బులు తలకి కింద కోటు, టై, చేతిలో సెల్‌ఫోను ఉన్నాయి. నూకరత్నం మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, "బానే ఉన్నావు గానీ, ఆ కోటు కూడా లెక్కలో రాత్తారేమో కనుక్కో," అంది.

లోపల బస్సుల్లో తెచ్చిన కొత్త ధనవంతులు కిటకిటలాడుతున్నారు. నూకరత్నం పక్కన కంటి ఆపరేషను చేయించుకున్న ఒక ముసలమ్మ కూర్చుంది. రెండు కళ్ళకీ లెన్సులు వేశారట.

"రెండు కళ్ళకీ కాబట్టి నేను బాగా ఉన్నదాన్నంట," అంది ముసలమ్మ దిగులుగా. "మా తోడికోడలికి ఒక్క కన్నే చేశారు. అది మధ్యతరగతంట. అప్పట్నించీ నాతో మాటాడ్డం లేదు."

ముందు వరుసలో ఒకతను లేచి, తనకి ఏమీ పెట్టలేదనీ, అపెండిక్సు తీసేశారనీ, అది తన ఆస్తిలో నష్టం కింద రాయాలనీ అరుస్తున్నాడు. ఆ విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉందని మైకులో చెప్పి కూర్చోబెట్టారు.

త్రివిక్రమరావు గారు వచ్చారు. తెల్లటి బట్టలు, నల్లటి రంగు వేసిన జుట్టు. వేదిక మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! దారిద్ర్య నిర్మూలన ఒక నిరంతర ప్రక్రియ అని ఇన్నాళ్ళూ మనం పొరబడ్డాం. కాదు! అది మధ్యాహ్నం భోజనాల లోపు ముగిసే ప్రక్రియ. ఉదాహరణకి శ్రీ అబ్బులు గారిని తీసుకోండి. ఆ రోజు తెల్లవారేసరికి ఆయన నిరుపేద. భోజనాల వేళకి సంపన్నుడు. ఈ మధ్యలో ఆయన చేసిన కృషి ఏమిటి? పడుకున్నారు! పేదవాడు పైకి రావాలంటే లేచి నిలబడాలని ఇతర జిల్లాలవారు అంటారు. మన జిల్లాలో పడుకుంటే చాలు!"

చప్పట్లు కొట్టడానికి ప్రత్యేకంగా కూర్చోబెట్టిన సిబ్బంది చప్పట్లు కొట్టారు.

"మరో శుభవార్త. ఈ రోజున ప్రాణభరోసా కార్డులు మిగిలి ఉన్నవారంతా సంపూర్ణ ఆరోగ్యవంతులు. ఒక్కరికి జలుబైనా లేదు. ఎవరికైనా జబ్బు చేస్తే, చికిత్స ముగిసేలోగా వారు ధనికులై మన పథకంలోంచి సగౌరవంగా నిష్క్రమిస్తారు. అందుచేత ఆసుపత్రుల్లోని ఆపరేషన్ థియేటర్లకి ఇక నుంచి దారిద్ర్య నిర్మూలన మందిరాలని పేరు పెడుతున్నాం. వచ్చే ఏడాదికి ఈ జిల్లాలో పేదలుండరు. రోగులుంటారు. కానీ పేదలుండరు!"

అబ్బులుని వేదిక మీదికి పిలిచారు. నూకరత్నం రెక్క పట్టుకుని నడిపించింది. మూడో మెట్టు దగ్గర అబ్బులు ఆగిపోయి రొమ్ము పట్టుకున్నాడు. శాలువాతో సిద్ధంగా ఉన్న త్రివిక్రమరావు గారికి ఆలస్యం నచ్చలేదు. తానే చకచకా కిందికి దిగి, అబ్బులు చంకలో చెయ్యేసి, మళ్ళీ అంత చకచకా పైకి లాక్కొచ్చారు.

ఎంత కోపంలో ఉన్నా నూకరత్నం మెచ్చుకోకుండా ఉండలేకపోయింది.

"ఎంత చులాగ్గా ఎక్కేశారు బాబూ, ఈ వయసులో!"

పొగడ్త ఎక్కడ దొరికినా వదలని మనిషి ఆయన. మైకు నోటి దగ్గరే ఉంది.

"ఈ మోకాళ్ళు నావి కావమ్మా! కిందటేడు రెండూ మార్పించారు. మొత్తం ప్రభుత్వ ఖర్చే. అంతకు ముందు కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టాల్సి వచ్చేది!"

నూకరత్నం నిజంగానే జాలిపడింది. మాట ఆమె నోట్లోంచి మైకులోకి, మైకులోంచి హాలంతటికీ పోయింది.

"అయ్యో! అయితే మీరు కూడా మాలాగే డబ్బున్నోళ్ళైపోయారా బాబూ? మరి మీకేం ఆపేశారు?"

చప్పట్ల సిబ్బంది అలవాటుగా కొట్టబోయి ఆగిపోయారు.

ముందు వరుసలో అతిథుల మధ్య కునుకు తీస్తున్న ఒక బక్కపలచటి మనిషి కళ్ళు తెరిచాడు. ఆయన పేరు జోగినాథం. ఉద్యోగుల అక్రమాస్తులు పట్టుకునే నిఘా విభాగంలో అధికారి. రూలు ఎంత వింతదైనా రూలు రూలే అని నమ్మి, సొంత బావమరిదిని కూడా వదలని మనిషి.

"రెండు మోకాళ్ళా?" అన్నాడాయన లేచి.

"రెండూ... ఎందుకు?"

"ఏ లోహం?"

"టైటానియం. విదేశీ సరుకు," అన్నారు త్రివిక్రమరావు గారు, ఇంకా కాస్త గొప్పగానే.

"మీ ఆస్తుల ప్రకటనలో చూపారా?"

"మోకాళ్ళనా?!"

"ప్రభుత్వం నుంచి ఏ రూపంలో లబ్ధి చేకూరినా ఆదాయమేనని మీ ఉత్తర్వే చెబుతోంది. ఉద్యోగులకి మినహాయింపు అందులో నాకు కనిపించలేదు. చూపని ఆదాయం, చూపని ఆస్తి." జోగినాథం వేదిక ఎక్కాడు. ఆయన మోకాళ్ళు సొంతవి కావడంతో కొంచెం మెల్లగా ఎక్కాడు. "కుర్చీలో కూర్చోండి. ఇక నడవకండి. నడిస్తే సాక్ష్యం అరిగిపోతుంది."

ఇద్దరు కానిస్టేబుళ్ళు కుర్చీ తెచ్చారు. త్రివిక్రమరావు గారు కూలబడ్డారు.

"సీలు వెయ్యాలి. లక్క ఉందా?" అన్నాడు జోగినాథం.

ఒక కానిస్టేబులు ఎందుకైనా మంచిదని సమన్వయాధికారి గారి పంట్లాము మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"ఆగండి!" త్రివిక్రమరావు గారి గొంతులో సమన్వయం పూర్తిగా పోయింది. "ఇదేం అన్యాయమయ్యా! వైద్యం ఆస్తి ఎలా అవుతుంది? నాకు నొప్పి పోయింది, అంతే! నొప్పి పోతే మనిషి ధనవంతుడౌతాడా?"

"ఈ మాట అధికారికంగా అంటున్నారా?"

"అంటున్నాను!"

"అయితే మీ ఉత్తర్వు తప్పు. అది తప్పయితే మీరు విడుదల. ఈ హాల్లో ఉన్నవాళ్ళ కార్డులన్నీ కూడా విడుదల. ఒప్పయితే మీరూ మీ మోకాళ్ళూ నాతో రావాలి. ఏది?"

"ఉత్తర్వు నాది కాదు. పైనుంచి వచ్చింది."

"పైన ఎవరు? పేరు చెప్పండి, ఇప్పుడే ఫోను చేస్తాను." జోగినాథం ఫోను తీశాడు.

త్రివిక్రమరావు గారు ఆ ఫోను వంక చూశారు. సగం మడిచిన తన పంట్లాము వంక చూసుకున్నారు. తల దించుకున్నారు.

"వద్దు. పైన ఎవరూ లేరు. నేనే."

ఎక్కడో వెనక వరుసలో కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చక్రధర్‌ని పిలిచారు. ఉత్తర్వు రద్దు చెయ్యమన్నారు. చక్రధర్ టకటకా నొక్కి, మొదటిరోజు ఎంత ఆనందంగా చెప్పాడో అంతే ఆనందంగా ప్రకటించాడు.

"అభినందనలండి! అబ్బులు గారు మళ్ళీ నిరుపేద!"

హాలు దద్దరిల్లిపోయింది. ఈసారి సిబ్బంది మొదలుపెట్టక ముందే చప్పట్లు పడ్డాయి. ముసలమ్మ, తన తోడికోడలు ఎక్కడున్నదోనని కొత్త కళ్ళతో వెతుక్కుంటోంది. చక్రధర్ అక్కడినుంచే ఆసుపత్రికి ఫోను చేసి, గురువారం పొద్దున్నే మూడో స్టెంటుకి రమ్మన్నారని చెప్పాడు. నూకరత్నం వేదిక మీదే చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ శాలువా నేనుంచుకోవచ్చాండి?" అన్నాడు అబ్బులు భయంభయంగా. "దీనిక్కూడా కార్డు పోద్దా?"

"ఉంచుకోండి," అన్నాడు జోగినాథం కాస్త ఆలోచించి.

జనం కదులుతున్నారు. కానిస్టేబులు సమన్వయాధికారి గారి పంట్లాము కిందికి దించి మర్యాదగా దులిపాడు. ఆయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. నూకరత్నం ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. తిట్టాలని దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి. కానీ ఆ మొహం చూశాక ఒక్కటే వచ్చింది.

"ఎందుకు రాశావు బాబూ అలాగ?"

త్రివిక్రమరావు గారు తలెత్తి ఆమె వంక చూశారు. తర్వాత మైకు లేకుండా, మామూలు మనిషిలా చెప్పారు.

"ఏటా ఇంతమందిని పేదరికంలోంచి తప్పించాలని నాకు లక్ష్యం పెడతారమ్మా. గేదెలిచ్చాను. అవి రిపోర్టుల్లో పాలిచ్చాయి గానీ ఏ ఇంటి ముందూ కట్టేసి కనపడలేదు. కుట్టుమిషన్లిచ్చాను. అవి మావాళ్ళ వియ్యాలవారి ఇళ్ళల్లో తేలాయి. ఇళ్ళిచ్చాను. సిమెంటు ఒక దారిన పోయింది, ఇనుము ఒక దారిన పోయింది, పేదవాడికి ముగ్గుపిండితో గీసిన గీతలు మిగిలాయి. రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఒక్కడంటే ఒక్కడు పైకి రాలేదు. అప్పుడు మీ ఆయన కేసు నా బల్ల మీదికొచ్చింది. రెండు స్టెంట్లు ప్రభుత్వం ఇచ్చింది, రెండు స్టెంట్లు పేదవాడికి చేరాయి. నమ్మలేక ఫోను చేసి మళ్ళీ కనుక్కున్నాను. నిజమేనన్నారు. నా సర్వీసు మొత్తంలో ఇచ్చింది ఇచ్చినట్టుగా పేదవాడి దాకా వెళ్ళినవి ఆ రెండేనమ్మా. మరీ గుండెలో పెట్టేశారు కదా, దారిలో ఎవరి చెయ్యీ అందలేదు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. దాన్ని కూడా నేను అభివృద్ధి కింద రాసుకోకపోతే, ఇంక రాసుకోవడానికి నాకేముందమ్మా?"